ఇసుకలో పాతిన తరవాణి

మా బావ ఎడారిలో సారా కాసి దొరికిపోయి ఇంటికొచ్చాడని కళింగపట్నంలో ఇప్పటికీ కొందరు అనుకుంటారు. అది అబద్ధం. ఆ అబద్ధం ఆడింది నేను.

బావ అంటే మా అక్క మొగుడు. బాప్టిస్టు సంఘంలో పుట్టినవాడు, చుట్ట కూడా ముట్టనివాడు. చేపల వేట గిట్టుబాటు కాని ఏడాది, నేను అప్పటికే పనిచేస్తున్న గల్ఫ్ ఎడారి క్యాంపుకి అతన్ని నేనే పిలిపించుకున్నాను. టూరిస్టులు సాయంత్రం జీపుల్లో వచ్చి, ఒంటెల మీద ఫొటోలు దిగి, గుడారాల్లో భోంచేసి వెళ్లిపోయే చోటు అది. నేను వంటలో సాయం. బావ పని గుడారాల్లో తివాచీలు దులపడం. పొద్దున దులిపిన ఇసుక మధ్యాహ్నానికి మళ్లీ వచ్చి కూర్చునేది.

"ఇసకంతా ఇక్కడే ఉన్నాది. సంద్రం ఏదిరా?" అన్నాడు మొదటి రోజు. నేను నవ్వాను. నెల తిరిగేసరికి అతను నవ్వడం మానేశాడు. పెదాలు పగిలి, ముక్కులోంచి నెత్తురొచ్చేది. రొట్టె గొంతు దిగేది కాదు. నాకైతే కడుపులో ఎప్పుడూ మంట. రేకుల గదిలో ఎనిమిదిమందిమి, తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే. హిందీ నాకొచ్చు, బావకి రాదు. ఎవరేమన్నా నా మొహం చూసేవాడు.

ఎండలు ముదిరాక నాకు తరవాణి మీదకి మనసు పోయింది. మా ఇళ్లల్లో వేసవంతా మూలన ఒక కుండ ఉంటుంది. గంజీ, మిగిలిన అన్నం అందులో వేస్తూ పులియబెట్టుకుని, పొద్దున్నే ఉప్పూ ఉల్లిపాయతో తాగుతాం. మత్తు ఉండదు, కడుపు చల్లబడుతుంది. క్యాంపులో గంజి వార్చేది నేనే కాబట్టి ఒక ప్లాస్టిక్ డబ్బాలో మొదలుపెట్టాను. వంటగది వెనక నీడలో గొయ్యి తీసి, తడి గోనె చుట్టి పాతిపెట్టింది బావ. వారం రోజులు ఇద్దరం తాగాం. "ఒరే, ఇప్పుడు ఊళ్లో ఉన్నట్టున్నాది," అన్నాడు.

మా అమ్మ కుండ మీద గుడ్డ కట్టేది. నేను ఇసుక పడుతుందని మూత బిగించాను. ఆ వేడికి తరవాణి పొంగి, ఒక సాయంత్రం సరిగ్గా అతిథులు దిగే వేళకి మూత ఎగిరిపడింది. పులిసిన వాసన గుడారాల దాకా పోయింది.

మేనేజరు వచ్చి, వాసన చూసి సారా అనుకున్నాడు. ఆ క్యాంపులో సారా కాయడం కంటే పెద్ద తప్పు లేదు. గొయ్యి ఎవరు తీశారని అడిగితే తోటి పనివాడొకడు బావని చూపించాడు.

"సెప్పరా," అన్నాడు బావ నాతో. "అది తరవాణని సెప్పు. నీకు కడుపులో మంటని సెప్పు. కావాలంటే ఆయన ముందే తాగి సూపిస్తానని సెప్పు."

మేనేజరు నా వైపు తిరిగాడు. వచ్చే నెల నుంచి నన్ను వంటవాణ్ణి చేస్తానని ఆ వారమే మాటిచ్చిన మనిషి. డబ్బా నాదంటే ఇద్దరం పోయేవాళ్లం కదా అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అంత ఆలోచన లేదు. భయం వేసింది.

"తప్పయిపోయింది, క్షమించమంటున్నాడు," అని హిందీలో అన్నాను.

మూడో రోజు బావని పంపేశారు. బ్యాగు సర్దుకుంటూ, "నువ్వు సెప్పేవు కదరా. ఆళ్లు ఇనకపోతే ఏటి సేస్తాం," అన్నాడు.

వీసా ఏజెంటు ద్వారా ఊరికి అతనికంటే ముందే కబురు చేరింది. అది తరవాణేనని బావ అంటున్నాడు, నిజమేనా అని సంఘ పెద్దలు నాకు ఫోన్ చేసి అడిగారు. "నేను వంటలో ఉన్నానండి, నాకు తెలీదు," అన్నాను. ఇది రెండో అబద్ధం. గుడిలో నెలనెలా రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకి బావని దూరం పెట్టారు. తప్పు ఒప్పుకుంటే మళ్లీ చేర్చుకుంటామన్నారు. చెయ్యని తప్పు ఎలా ఒప్పుకుంటానన్నాడట.

సెలవుకి వచ్చినప్పుడు మా సంఘం గుడిలో చూశాను. రొట్టె పళ్లెం వరసలో వచ్చింది. బావ అందుకుని, తీసుకోకుండా, పక్కవాడికి అందించాడు. ఆ పక్కవాణ్ణి నేనే. నేను తీసుకున్నాను.

ఇలా ఆరేళ్లు.

పోయిన వేసవిలో పని మానేసి వచ్చేశాను. అక్క ఇంటికెళ్లి తరవాణి అడిగాను. "కుండ పెట్టి సాన్నాళ్లయినాదిరా. ఆ వాసన తగిల్తే మీ బావ అన్నం ముందునుంచి లేసిపోతాడు," అంది.

బావ అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన కూర్చుని, ఆ రోజు హిందీలో నేనన్న మాట తెలుగులో చెప్పాను. అతను వల వదల్లేదు. ఒక ముడి బిగించి, "మళ్లీ సెప్పు," అన్నాడు. మళ్లీ చెప్పాను.

"పెద్దలకి సెప్పు," అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆదివారం అందరి ముందూ నిలబడి చెప్పాను. ఎంత మంచితనం అని ఒకరిద్దరు అన్నారు. అదీ నిజం కాదు. కుండ లేని ఆ వంటిల్లు చూశాక తప్పించుకోలేక చెప్పాను. పాస్టరుగారు బావ చెయ్యి పట్టుకుని బల్లకి రమ్మన్నారు. నన్ను దూరం పెట్టారు, పెట్టాలి కూడా.

ఆ నెల పళ్లెం వచ్చినప్పుడు వెనక బెంచీ మీంచి చూస్తున్నాను. బావ అందుకున్నాడు. కొంచెంసేపు పట్టుకుని, పక్కకి అందించేశాడు.

బయటికొచ్చాక అక్క కోప్పడింది. "ఇంకేటి అడ్డం నీకు?"

"అలవాటైపోనాది," అన్నాడు బావ. నా వైపు చూడలేదు.