వెనక బల్లమీద పాస్టరుగారు

గొంతు డాక్టరుగారు సన్నటి అద్దం పెట్టి లోపలికి చూసి, "పాస్టరుగారూ, మీరు ప్రసంగాలు చేస్తారా, యుద్ధాలు చేస్తారా?" అని అడిగారు. మా పాస్టరుగారు జవాబు చెప్పబోయారు. డాక్టరుగారు చెయ్యెత్తి ఆపేశారు.

"అదే వద్దంటున్నాను. గొంతులో కాయలు కాశాయి. మళ్ళీ నెల నేను చూసేదాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. గుసగుసలు అసలే వద్దు, అవి ఇంకా చెరుపు. మాట వినకపోతే ఉన్న గొంతు కూడా పోతుంది. ఆ తరవాత నన్ననుకుని లాభం లేదు."

పక్కనున్న అమ్మగారు, అంటే పాస్టరుగారి భార్య, "డాక్టరుగారూ, ఇదే మందు పాతికేళ్ళ కిందట రాసిచ్చి ఉంటే ఎంత బాగుండేది" అన్నారు. అందరూ నవ్వారు, పాస్టరుగారు తప్ప. నవ్వినా గొంతు కదులుతుందేమోనని ఆయన అప్పుడే భయపడిపోయారు.

మా పాస్టరుగారి గురించి తెలియనివారికి ఒక్క మాట చెప్పాలి. మంచి మనిషి. ఎవరింట్లో జ్వరమన్నా ముందు ఆయన చెప్పులే గుమ్మంలో కనిపించేవి. కాకపోతే అన్నీ ఆయనే చెయ్యాలి. ఆదివారం పొద్దున్నే మందిరం తాళం తీసేది ఆయనే. బల్లలు తుడిచేది, మైకు వైర్లు కలిపేది, పాట ఎత్తుకునేది, ప్రకటనలు చదివేది, వాక్యం చెప్పేది, అందరూ వెళ్ళాక మళ్ళీ తాళం వేసేది కూడా ఆయనే. ఎవరైనా చీపురు పట్టుకుంటే, "ఇలా ఇవ్వండి, మూల మిగిలిపోతోంది" అని లాక్కునేవారు. సంఘంలో ఎవరూ ముందుకు రావడం లేదని మళ్ళీ ఆయనే బాధపడేవారు. ఒకసారి కుట్టుపని చేసే అక్క తెగించి అనేసింది కూడా: "అన్నీ మీరే చేస్తుంటే మాకు చేతులెందుకయ్యా, చప్పట్లు కొట్టడానికా?"

అందుకే నోరు కట్టేసరికి, ఆదివారం వాక్యం ఎవరు చెబుతారన్నది పెద్ద చిక్కై కూర్చుంది. సంఘ పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి పాస్టరుగారే పలక మీద ఒక్క మాట రాశారు: "డ్రైవరు."

డ్రైవరుగారు ఆయనకి చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరూ ఒకే హాస్టల్లో ఒకే దుప్పటి కప్పుకుని చదువుకున్నారు. తరవాత ఒకరు మందిరంలోకి, ఒకరు బస్సులోకి ఎక్కారు. పదిమందిలో ఉన్నప్పుడు డ్రైవరుగారు ఎంతో మర్యాదగా "అయ్యగారూ" అనేవారు. ఇద్దరే ఉంటే "ఒరేయ్" అనేవారు. ఆ "ఒరేయ్" అనే పిలుపు ఇంకెవరి దగ్గరా పాస్టరుగారికి దొరకదు. అందరికీ ఆయన అయ్యగారే. సేవలో ఉన్నవాడికి స్నేహితుడు దొరకడం ఎంత కష్టమో, ఆయన ప్రసంగాల్లో ఎప్పుడూ చెప్పలేదు గానీ, డ్రైవరుగారు డ్యూటీ దిగి సాయంత్రం వాళ్ళ వరండాలో కూర్చున్నప్పుడు ఆయన మొహం చూస్తే తెలిసిపోయేది.

"నేనా? వాక్యం చెప్పడమా?" అన్నారు డ్రైవరుగారు ఆ సాయంత్రం వరండాలో, ఇద్దరే ఉన్నప్పుడు. "నాకు తెలిసింది గేర్లూ బ్రేకులూ. నన్నెందుకురా ఇరికిస్తావు?"

పాస్టరుగారు చేతులు జోడించి, మందిరం తాళంచెవి ఆయన చేతిలో పెట్టారు. అంతే, డ్రైవరుగారు కాదనలేకపోయారు. ఆ వారమంతా బస్సు చివరి స్టాపులో ఆగినప్పుడల్లా స్టీరింగు మీద బైబిలు ఆనించుకుని చదువుకున్నారని కండక్టరమ్మ చెప్పింది. ఆయన చదువు చెడకుండా ఆ అమ్మాయి ప్రయాణికులని కిందనే నిలబెట్టి, బయలుదేరే వేళకే ఎక్కించేదట.

ఆదివారం వచ్చింది. పాస్టరుగారు ముందు బల్లమీద, వాక్యం చెప్పే పుల్పిటుకి ఎదురుగా కూర్చున్నారు. డ్రైవరుగారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. మందనంతా వదిలి, తప్పిపోయిన ఒక్క గొర్రెని వెతకబోయిన కాపరి కథ ఎత్తుకున్నారు.

"నేను రోజూ తలలు లెక్కపెట్టేవాణ్ణే" అన్నారు. "టీకి బస్సాపుతాను. మళ్ళీ ఎక్కేటప్పుడు ఒకడు తక్కువ. నేను దిగి వెతకబోతే బస్సులో వాళ్ళేమంటారో తెలుసా? వాడొక్కడి కోసం మమ్మల్నందర్నీ కూర్చోబెడతావా, పోనియ్యవయ్యా అంటారు. మరి ఆ కాపరి వెళ్ళిపోయాక మిగిలిన గొర్రెలు ఏమనుకుని ఉంటాయి? అవీ గొణుక్కునే ఉంటాయి. ఇక్కడ కూర్చున్న మనందరం తప్పిపోయిన గొర్రెలం అనుకుంటున్నాం. కాదు. మనం గొణుక్కునే గొర్రెలం."

జనం పకపక నవ్వారు. నవ్వి, ఒక్కసారి ఆగి, ఎవరిలోకి వాళ్ళు చూసుకున్నారు. నేనూ చూసుకున్నాను.

కానీ ముందు బల్ల మాత్రం నవ్వలేదు. గొర్రెలు గొణిగినట్టు వాక్యంలో ఎక్కడుంది? పాస్టరుగారు తల అడ్డంగా ఊపారు. డ్రైవరుగారు చూసి కాస్త తడబడ్డారు. పాస్టరుగారు వేలితో గాలిలో ఏదో రాశారు. తరవాత రెండు చేతులూ భుజం మీద పెట్టుకుని, గొర్రెని మోసుకొస్తున్నట్టు చూపించారు. ఆ భాగం డ్రైవరుగారు ఇంకా చెప్పలేదు. జనం మెడలు ఇటూ అటూ తిరగడం మొదలైంది. మాట ఒకచోట, సైగ ఒకచోట. చూస్తూ చూస్తూ అందరి కళ్ళూ సైగ మీదే నిలిచిపోయాయి. మాట్లాడేవాణ్ణి చూసేవాళ్ళే లేకపోయారు.

డ్రైవరుగారికి చెమటలు పట్టాయి. చెప్పిందే మళ్ళీ చెప్పారు. అప్పుడు పాస్టరుగారు, పాపం సాయం చేద్దామనే, లేచి పుల్పిటు దగ్గరికి వెళ్ళి, ఆయన ముందున్న బైబిల్లో పేజీ తిప్పి, ఒక వచనం మీద వేలు పెట్టి నిలబడ్డారు. అందరి ఎదుటా.

డ్రైవరుగారు ఆ వేలుని చూశారు. మెల్లిగా ఇవతలికి జరిగారు.

"మీ బండి మీరే నడుపుకోండి అయ్యగారూ" అని, జేబులోంచి మందిరం తాళంచెవి తీసి పుల్పిటు మీద పెట్టి, బల్లల మధ్యనుంచి నడిచి వెళ్ళిపోయారు.

మేం ఒక పాట పాడుకుని ఇళ్ళకి పోయాం.

ఆ వారం పాస్టరుగారు పడిన అవస్థ అమ్మగారి నోట విన్నాం. మనిషి గదిలో అటూ ఇటూ తిరగడం, తలుపులు దబదబా వెయ్యడం. ఎవరో ఫోను చేసి, "డ్రైవరుగారు బాగా చెప్పారండీ, మధ్యలో ఏమైంది?" అని అడిగితే ఫోను మంచంమీదకి విసిరేశారు. ప్రార్థనలో కూడా చిరాకే. "పని అప్పగించి పనిముట్టు లాక్కున్నావేమిటి ప్రభువా" అని పలక మీద రాసి, దేవుడికి చూపిస్తున్నట్టు కిటికీకి ఆనించి పెట్టారట. ఎదురింటి ముసలాయన అది చదివి, తనకే రాశారనుకుని, పొద్దున్నే ఒక సుత్తీ ఉలీ తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. అమ్మగారు ఆ మాట చెబుతూ కళ్ళు తుడుచుకున్నారు. నవ్వి తుడుచుకున్నారో, ఏడ్చి తుడుచుకున్నారో తెలియలేదు.

సాయంత్రాలు వరండాలో రెండో కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. డ్రైవరుగారు రాలేదు. పాస్టరుగారు క్షమాపణ రాయడానికి కూర్చున్నారు. కాగితానికి రెండు వైపులా నింపి అమ్మగారికిచ్చారు. ఆవిడ చదివి, కళ్ళజోడు తీశారు.

"ఇది క్షమాపణా, ప్రసంగమా? ఇందులో మూడు పాయింట్లున్నాయి. మూడోది ఆయన తప్పు గురించి."

పాస్టరుగారు కాగితం లాక్కోబోయారు. ఆవిడ ఇవ్వలేదు.

"పెళ్ళయినప్పటినుంచీ నేను చెప్పేది మీరు చివరిదాకా విన్నది ఈ వారమే. కాబట్టి ఇదీ వినండి. కాగితాలు వద్దు. ఆయన దగ్గరికి మీరే వెళ్ళండి. ఆదివారం ఆయన రాకపోతే మీరు ఆగరు, మాట్లాడతారు. నాకు తెలుసు. మాట్లాడితే గొంతు పోతుంది. అటు స్నేహితుడూ పోయి, ఇటు గొంతూ పోయి, ఆ పలక పట్టుకుని నాతో ఎన్నాళ్ళు పోట్లాడతారు?"

తరవాత జరిగింది డ్రైవరుగారే మాకు చెప్పారు.

మర్నాడు ఆయన బస్సు స్టాండులోంచి తీస్తుంటే పాస్టరుగారు ఎక్కి, సరిగ్గా ఆయన వెనక సీట్లో కూర్చున్నారు. డ్రైవరుగారు అద్దంలో చూశారు. చూసి కూడా చూడనట్టు గేరు వేశారు. కొంతదూరం పోయాక పాస్టరుగారు ముందుకు వంగి ఆయన భుజం తట్టారు.

"అయ్యగారూ, చదువుకున్నవారు కదా, పైన ఏం రాసుందో చూడండి" అన్నారు డ్రైవరుగారు.

బస్సు నడుస్తున్నప్పుడు డ్రైవరుతో మాట్లాడకూడదని రాసుంది. పాస్టరుగారు సీట్లోకి వాలిపోయారు. ఇంకెవరికీ వినపడని మాటలో కూడా "అయ్యగారూ" అన్నాడంటే ఎంత కోపమో ఆయనకి అర్థమైంది. కండక్టరమ్మ వచ్చి, ఎక్కడికని అడగకుండా, మంచినీళ్ళ సీసా ఆయన పక్కన పెట్టి పోయింది.

చివరి స్టాపులో జనమంతా దిగిపోయారు. డ్రైవరుగారు గుడ్డ తీసుకుని ముందు అద్దం తుడవడం మొదలుపెట్టారు. పాస్టరుగారు కూడా దిగి, తన చేతిరుమాలు తీసి, వెనక రోడ్డు చూసుకోవడానికి పక్కన బిగించిన చిన్న అద్దం తుడిచారు. తుడిచి చూస్తే ఆ అద్దం కాస్త వంకరగా కనిపించింది. చేత్తో పట్టుకుని చక్కగా తిప్పి, తృప్తిగా తలాడించారు.

"ఏయ్! అది కదిపావా?"

డ్రైవరుగారు గుడ్డ పారేసి పరిగెత్తుకొచ్చారు. "అది వంకరగా లేదు! నేను పెట్టుకున్నదే అలా! నువ్వు కింద నిలబడి చూస్తే నీకు చక్కగా కనపడాలా? సీట్లో కూర్చునేవాణ్ణి నేను. నాకు కదా రోడ్డు కనపడాలి! నీకు ప్రతి దాంట్లోనూ చెయ్యి పెట్టకపోతే తోచదురా? పుల్పిటు దగ్గరా అంతే, ఇక్కడా అంతే!"

పాస్టరుగారు ఆ అద్దం వైపు చూశారు. తన చెయ్యి ఇంకా దాని మీదే ఉంది. నిప్పు తగిలినట్టు తీసేశారు. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయిందని డ్రైవరుగారు చెప్పారు. నోరు తెరిచారు, ఏదో అనడానికే.

డ్రైవరుగారు గబుక్కున అరచేత్తో ఆ నోరు మూసేశారు.

"మూసుకో. ఆ ఒక్క ముక్క కోసం గొంతు పోగొట్టుకుంటావా? అర్థమైందిలే."

కండక్టరమ్మ అటు తిరిగి, అవసరం లేకపోయినా బ్యాగు సర్దుకుంది.

"ఆదివారం వస్తాను" అన్నారు డ్రైవరుగారు, సీట్లో కూర్చుని అద్దాన్ని మళ్ళీ తనకి కావలసినట్టు వంచుకుంటూ. "కానీ నువ్వు ముందు బల్లమీద కూర్చున్నావో, అక్కడే దిగిపోతాను. వెనక్కి వెళ్ళి కూర్చో."

ఆదివారం పాస్టరుగారు నిజంగానే చివరి బల్లకి వచ్చారు. ఆ పక్కన ఎప్పుడూ కూర్చునేది గడియారం మామ్మ. మందిరం గోడ గడియారం ఆగినా ఆవిడ రాక ఆగదని ఆ పేరు. ఆవిడ జరిగి చోటిచ్చి, కొంగు ముడి విప్పి గొంతు బిళ్ళ ఒకటి చేతిలో పెట్టింది.

ఆ బల్లకి ఫ్యాను గాలి రాదు. ఎదురుగా లావుపాటి స్తంభం. పాస్టరుగారు మెడ సాచి అటు చూశారు, ఇటు చూశారు. పుల్పిటు సగమే కనిపిస్తోంది.

"ఇక్కణ్ణించి మీరు నాకెప్పుడూ కనపడలేదయ్యా" అంది మామ్మ. "మీరు అరుస్తారు కాబట్టి వినేదాన్ని."

పాస్టరుగారు ఒకసారి ఆ స్తంభాన్ని, ఒకసారి తను కూర్చున్న బల్లని చూసుకున్నారు. ఇన్నేళ్ళూ బల్లలన్నీ తుడిచిన మనిషి. ఏ బల్ల మీదా కూర్చుని చూడలేదు.

డ్రైవరుగారు మళ్ళీ ఆ గొర్రెనే పట్టుకున్నారు. పోయినసారి ఎక్కడ ఆగారో అక్కణ్ణించే. ఈసారి కాపరి దానికి దారి చూపిస్తే అది వెనకాల నడుచుకుంటూ వచ్చేసిందన్నారు.

చివరి బల్ల కిర్రుమంది. నడిచి రావడం ఏమిటి! భుజం మీద కదా మోసుకొచ్చింది! పాస్టరుగారి చేతులు వాటంతటవే పైకి లేచాయి. సగం లేచాక ఆయనకి తెలిసింది. దింపారు. మళ్ళీ లేచాయి. ఇక లాభం లేదని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నారు. మెడలో నరాలు ఉబ్బి ఉన్నాయి. కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ప్రార్థన చేస్తున్నారో, పళ్ళు నూరుతున్నారో, పక్కనున్న మామ్మకే తెలియాలి.

"తిమ్మిరెక్కుతాయయ్యా" అని ఆవిడ జాలిగా గొణిగింది.

పుల్పిటు దగ్గర డ్రైవరుగారు ఆగారు. స్తంభం పక్కనుంచి తొంగి చూశారు. సంఘమంతా ఉందన్న సంగతి మరిచిపోయారో, మరిచిపోలేదో గానీ, గొంతెత్తి అడిగారు.

"ఒరేయ్, వెనకదాకా వినపడుతోందా?"

మా అయ్యగారిని అందరి ముందూ ఎవరూ అలా పిలిచింది లేదు. మెడలన్నీ వెనక్కి తిరిగాయి.

పాస్టరుగారు తొడ కిందినుంచి ఒక చెయ్యి తీశారు. వినపడుతోందన్నట్టు పైకెత్తారు. ఆ చెయ్యి అక్కడ ఒక్క క్షణం ఎక్కువే ఆగింది, ఇంకేదో చెప్పాలన్నట్టు. తరవాత ఆయన దాన్ని తనే పట్టి దించుకుని, మళ్ళీ దాని మీద కూర్చున్నారు.