కాలరు మీద పసుపు

నెల్లితోపులో మాతోనే ఉండే మా మేనత్తకు ఒక పట్టుదల ఉండేది. పసుపు పెట్టకుండా కొత్త బట్ట ఎవరి ఒంటి మీదికీ ఎక్కకూడదు. ఏదో మూలన కాస్త రాస్తే చాలదా అంటే, "సామికి కనపడొద్దా ఏంది?" అనేది.

నా మొదటి ఇంటర్వ్యూ రోజు చూస్తే, ఇస్త్రీ చేసి పెట్టుకున్న కొత్త తెల్ల చొక్కా కాలరు మీద వేలెడు పసుపు మరక! ఒళ్లు మండిపోయింది. సబ్బు పెట్టి రుద్దాను. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో నాకప్పుడు తెలియదు. మరక కాస్తా ఎర్రబడి కూర్చుంది. మరో మంచి చొక్కా లేదు. ఇంటర్వ్యూ జరిగినంతసేపూ గొంతు నొప్పి వచ్చినవాడిలా కాలరు మీద చెయ్యి వేసుకునే జవాబులు చెప్పాను. ఉద్యోగం రాలేదు.

"ఎట్లొస్తాది? పసుపును ఎవరన్నా సబ్బేసి కడుగుతారా?" అని ఎదురు నన్నే తిట్టింది అత్త.

రెండో ఇంటర్వ్యూకి కొత్త చొక్కా కొని, ఇంటికి తేకుండా ముదలియార్‌పేటలో స్నేహితుడింట్లో దాచాను. అక్కడే తొడుక్కుని వెళ్లాను. ఈసారి ఉద్యోగం వచ్చింది.

"చూసినావా అత్తా, పసుపు లేకుండానే వచ్చింది" అన్నాను ఇంటికొచ్చి.

ఆవిడ పూలు కట్టడం ఆపలేదు. "ప్యాంటు కూడా కొత్తదే గదరా. అది యాడ పెట్టినావు? ఇంట్లోనే గదా?"

గదిలోకెళ్లి నడుము పట్టీ తిరగేశాను. లోపలి వైపు, నా కళ్లకే సరిగా ఆననంత చిన్న పసుపు చుక్క. సామికి కనపడాలన్న మనిషే పెట్టింది.