నూనె చల్లబడిన రోజు

మా మామయ్యను వర్క్‌షాపులో అందరూ వెనకాయన అనేవారు. కారు ముందు భాగం, అంటే ఇంజను, మా అత్త వాళ్ళ అక్కగారి భర్తది. ఆయన్ని నేను ఇంజను మామయ్య అంటాను. గేరుబాక్సు, ఇరుసులు, బ్రేకులు, వెనక చక్రాల మధ్య ఉండే పళ్ళచక్రాల పెట్టె మా మామయ్యవి. యజమాని ఎవరినైనా తీసుకొచ్చి రేసు కారు చూపించినప్పుడు ఇంజను మీది మూత ఎత్తి, అక్కడే నిలబెట్టి మాట్లాడి పంపేసేవారు. వెనక్కి ఎవరూ వచ్చేవారు కాదు. ఆ టైముకి మామయ్య కారు కింద పడుకుని ఉండేవాడు. వచ్చినవాళ్ళకి ఆయన బూట్లు మాత్రం కనిపించేవి.

"ఇంజను అరుస్తుంది కాబట్టి అందరూ దాని మాట వింటారు," అనేవాడు నాతో. "నా పెట్టె నోరు విప్పదు. విప్పిందంటే అప్పటికే దాని పని అయిపోయినట్టు."

మా నాన్న పోయాక నా చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. అత్తావాళ్ళకి పిల్లలు లేరు, నన్ను తెచ్చుకున్నారు. నేను నలుగురిలో నోరెత్తే మనిషిని కాదు. ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం ఎందుకని మామయ్యే నన్ను వర్క్‌షాపుకి తీసుకెళ్ళాడు. ఆడపిల్లకి ఇక్కడేం పని అని ఇంజను మామయ్య ఎగతాళి చేస్తే, "నీ కుర్రాళ్ళు పెడలు నొక్కమంటే పాట పాడుతూ నొక్కుతారన్నా. ఈ పిల్ల చెప్పింది చెప్పినట్టు నొక్కుతుంది," అన్నాడు.

నా పని నిజంగానే అది. బ్రేకు నూనె మార్చేటప్పుడు నేను కారులో కూర్చుని పెడలు తొక్కాలి. మామయ్య చక్రం దగ్గర మర తిప్పుతూ "నొక్కు... పట్టు... వదులు" అనేవాడు. గొట్టంలో ఒక్క గాలిబుడగ కూడా మిగలకూడదు. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుందట. తేమ చేరిన నూనె వేడికి తొందరగా మరిగిపోతుంది, అప్పుడు పెడలు నేలకి తగులుతుంది గానీ కారు ఆగదు. అందుకని మూత తీసిన డబ్బాని మళ్ళీ వాడనిచ్చేవాడు కాదు. బ్రేకుల మీద వేడిని బట్టి రంగు మారే చిన్న కాగితాలు అంటించి, కారు తిరిగొచ్చాక ఏది ఎంత నల్లబడిందో చూసి చెప్పడం కూడా నా వంతే.

మా కారు పరిగెత్తేవి పొద్దున మొదలై సాయంత్రానికి గానీ ముగియని పందేలు. ఒక డ్రైవరు దిగితే ఇంకొకరు ఎక్కుతారు, కారుకి మాత్రం విశ్రాంతి ఉండదు. చిన్న పందెంలో ఏ లోపమైనా దాగిపోతుంది. ఇందులో వేడి నెమ్మదిగా ఎక్కి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ పట్టుకుంటుంది. పొద్దున ఇంజనులో, పెట్టెల్లో నూనె చిక్కగా ఉంటుంది కాబట్టి, అది త్వరగా వేడెక్కాలని గాలి దూరే సందులకి సగం దాకా టేపు అంటించి పంపేవాళ్ళం. ఎండ ఎక్కేకొద్దీ, కారు లోపలికి వచ్చినప్పుడల్లా ఒక్కో టేపు పీకేసేవాళ్ళం.

అయినా వెనక పెట్టె మమ్మల్ని రెండేళ్ళు ఏడిపించింది. పొగగొట్టం దాని పక్కనుంచే పోతుంది. మధ్యాహ్నానికి లోపలి నూనె నీళ్ళలా పలచబడి, నురగ కట్టి, పైన గాలి పోయే రంధ్రంలోంచి బయటికి తన్నేది. నూనెని బయటికి తోడి, చల్లార్చి, మళ్ళీ లోపలికి పంపే చిన్న రేడియేటరు ఒకటి పెట్టనివ్వండి సార్ అని మామయ్య ప్రతి పందెం తర్వాతా అడిగేవాడు. కారు బరువెక్కుతుందని యజమాని ప్రతిసారీ కొట్టిపారేసేవారు. చివరికి ఆ ఏడాది ఒప్పుకున్నారు.

మామయ్య మొహం వెలిగిపోయింది. రేకు కోసి, వంచి, కారు కింద గాలి బాగా తగిలేచోట రేడియేటరు వేలాడదీశాడు. పక్కన కరెంటు పంపు బిగించాడు. పెట్టెలో నూనె వేడి కొలిచే సెన్సరుకి కింద చోటు దొరక్క, పక్క గోడకి కాస్త ఎత్తున రంధ్రం వేశాడు. నేను టార్చి పట్టుకున్నాను.

"నూనె ఇక్కడికన్నా కిందికి దిగిందనుకో, ఇది నూనెని కొలవదు, పైనున్న గాలిని కొలుస్తుంది," అన్నాడు. "పెట్టె కాలిపోతున్నా మనకి అక్కడ చల్లగానే ఉన్నట్టు కనిపిస్తుంది."

"మరెలా మామయ్యా?"

"నూనె దిగనివ్వం. అంతే."

ఆ సంగతి ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకూడదని కాదు. వెనక సంగతులు ఎవరూ అడగరు.

ఆ రేడియేటరుతో వెళ్ళబోయే, ఆ ఏడాది ఆఖరి పందెంతో మా పెద్ద మేస్త్రీ పని మానుకుంటున్నాడు. ఆ చోటు ఇంజను మామయ్యకి వస్తుందని అందరూ అనుకున్నారు. మా మామయ్య పైకేమీ అనలేదు గానీ, ఆ చోటు మీద ఆయన ప్రాణం ఎంత పెట్టుకున్నాడో ఇంట్లో మాకు తెలుసు. "నిద్రలో కూడా ఎవరికో పనులు పురమాయిస్తున్నాడే మీ మామయ్య," అని అత్త నవ్వేది. డ్రైవరుతో మాట్లాడే మైకు పెద్ద మేస్త్రీకి, యజమానికి మాత్రమే ఉంటుంది. పందెం రోజు పొద్దున యజమాని ఒక మైకు తెచ్చి మామయ్య తలకి తగిలించారు. "కొత్త సామాను నీది. దాని మంచిచెడ్డలు నువ్వే చూసుకో," అన్నారు. మామయ్య దాన్ని సర్దుకుంటూ, తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

పందెం మొదలైంది. కారు ఆగే షెడ్డులో ఒక తెర ఉంది. అందులో ఇంజను నీళ్ళు, గేరుబాక్సు, వెనక పెట్టె, ఒక్కోదాని వేడి ఒక్కో అంకెగా కనిపిస్తుంది. ఎండ ముదిరినా వెనక పెట్టె అంకె కదల్లేదు.

"ఏం తమ్ముడూ, వెనకాల ఫ్రిజ్ కట్టావా?" అన్నాడు ఇంజను మామయ్య. "మంచినీళ్ళ సీసాలు అందులో పెట్టుకోవచ్చా?"

"పెట్టుకో అన్నా. నీ ఇంజను మీద టీ కాచుకుని, నా పెట్టెలో చల్లార్చుకుందాం."

అందరూ నవ్వారు. మామయ్య జోకేస్తే జనం నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

మధ్యాహ్నం దాటాక ఆ అంకె తగ్గడం మొదలుపెట్టింది. ముందు కొద్దికొద్దిగా, తర్వాత చూస్తుండగానే. యజమాని తెర దగ్గరికి పరుగున వచ్చారు. "అరె, చూశారా! ఎండ ఇలా మండుతుంటే ఇది చల్లబడుతోంది!" అని మామయ్య వీపు మీద చరిచారు. మెకానిక్కులంతా మూగారు. ఇంజను మామయ్య కూడా తలాడించి, "ఒప్పుకున్నా తమ్ముడూ. ఒప్పుకున్నా," అన్నాడు.

నేను తెరను కాదు, మామయ్యను చూస్తున్నాను. ఆయన నవ్వుతున్నాడు. అంకె పొద్దున చల్లగాలిలో ఉన్నదానికన్నా కిందికి దిగింది. అప్పుడు ఆయన నవ్వు పెదవుల మీద అలాగే ఉండి, కళ్ళు మాత్రం మారిపోయాయి. వేలు మైకు బటను మీదికి వెళ్ళింది. కారుని లోపలికి రమ్మని ఒక్క మాట అంటే చాలు.

సరిగ్గా అప్పుడే యజమాని గొంతు పెంచి, "ఇక దాపరికం ఎందుకు? వచ్చే ఏడాది నుంచి మన పెద్ద మేస్త్రీ ఈయనే," అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. మామయ్య వేలు బటను మీద ఉండిపోయింది. తర్వాత మెల్లగా పక్కకి జరిగింది. ఆయన తల తిప్పేసరికి ఎదురుగా నేనున్నాను. నన్ను చూశాడు. చూసి, మళ్ళీ తెరవైపు తిరిగాడు.

కారు ఇంకో చుట్టు వేసింది. ఇంకోటి. మైకులో డ్రైవరు, "మేస్త్రీ గారూ, వెనకాల ఏదో సన్నగా ఏడుస్తున్నట్టుంది. లోపలికి రానా?" అన్నాడట. మాకు వినిపించింది మామయ్య జవాబే. "అంకె బాగానే ఉంది బాబూ," అన్నాడు. గొంతు కొత్తగా ఉంది.

ఆ తర్వాతి చుట్టులో పెట్టె బిగుసుకుపోయింది. పొడవాటి దారి చివర, మంచి వేగంలో ఉండగా, వెనక చక్రాలు రెండూ ఒక్కసారే ఆగిపోయాయి. కారు గిర్రున తిరిగి టైర్ల గోడకి కొట్టుకుంది. డ్రైవరు ప్రాణంతో బయటపడ్డాడు. కుడి మణికట్టు విరిగింది.

మర్నాడు వర్క్‌షాపులో పెట్టె విప్పారు. పళ్ళు నీలంగా మారి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. కాలిన వాసన గొంతులో పట్టేసింది. లోపల తడి తప్ప నూనె లేదు. రేడియేటరుకి శనగగింజంత రంధ్రం. దారిలో ఎగిరిన రాయి తగిలింది. మామయ్య పెట్టిన పంపే పెట్టెలోని నూనెనంతా తోడి, ఆ రంధ్రంలోంచి రోడ్డు మీద పోసేసింది.

"రాయికి ఎవరేం చేస్తారు," అన్నారు యజమాని.

ఇంజను మామయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "రాయి సరేలే. మరి అంకె ఎందుకు తగ్గింది తమ్ముడూ?"

మామయ్య తలెత్తకుండా, "సెన్సరు పోయుంటుందన్నా. వేడికి," అన్నాడు.

దాన్ని వేడినీళ్ళలో ముంచి తెరకి తగిలిస్తే బాగుందో లేదో తేలిపోయేది. ఎవరూ ఆ మాట అనలేదు. మామయ్య నన్ను గుడ్డ అడిగాడు, ఇచ్చాను. సెన్సరుని అందులో చుట్టి చెత్తడబ్బాలో వేశాడు.

పెద్ద మేస్త్రీ అయ్యాడు.

కొన్నాళ్ళకి డ్రైవరు మా ఇంటికొచ్చాడు. చెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది. అత్త ఇచ్చిన టీని ఎడమచేత్తో తాగుతూ, "మేస్త్రీ గారూ, ఆ రోజు చప్పుడు విని లోపలికి వచ్చేద్దామనే అనుకున్నా," అన్నాడు. "మీరు బాగానే ఉందన్నారు. ఇంకెవరన్నా వినేవాణ్ణి కాదు. వెనక సంగతి మీకు తెలిసినంత ఎవరికి తెలుసు? పాపం, సెన్సరు మిమ్మల్నీ మోసం చేసింది."

"అవును బాబూ," అన్నాడు మామయ్య.

నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. మామయ్య కళ్ళు నా వైపు వచ్చి, గుమ్మం చెక్క మీద ఆగాయి. కట్టు ఎప్పుడు విప్పుతారని అత్త అడిగింది. విప్పినా మునుపటిలా స్టీరింగు తిప్పలేకపోవచ్చన్నాడట డాక్టరు. డ్రైవరు అది నవ్వుతూనే చెప్పాడు.

ఆ వారంలోనే మామయ్య వర్క్‌షాపులో కొత్త పద్ధతి పెట్టాడు. వేడి అంకె పెరిగితే ఆలోచించండి, కారణం లేకుండా తగ్గితే మాత్రం ఎవరినీ అడక్కుండా కారుని లోపలికి పిలవండి అన్నాడు. సెన్సర్లన్నీ పెట్టె అడుక్కి మార్పించాడు. నూనె ఒత్తిడి తగ్గితే వెలిగే ఎర్రదీపం విడిగా పెట్టించాడు. యజమాని మెచ్చుకున్నారు. పక్క జట్లవాళ్ళు కూడా అదే పాటిస్తున్నారట. అంత జాగ్రత్త ఆయనకి ఎక్కడ అబ్బిందో అని ఇంజను మామయ్య నాతో అన్నాడు. నేను నా ముందున్న బ్రేకు తుడవడం మొదలుపెట్టాను.

ఆ నెలాఖరున ఒక పొద్దున నేను చెప్పులేసుకుంటుంటే మామయ్య, "నువ్వు ఇవాళ రానక్కర్లేదులే అమ్మాయ్," అన్నాడు.

"బ్రేకు నూనె మార్చాలి కదా మామయ్యా?"

"కుర్రాళ్ళు చూసుకుంటారు. నూనెల్లో నీ చేతులు పాడవుతున్నాయి. అత్తకి కూడా తోడు ఉండాలి. రేపు కూడా వద్దులే."

"నేనేమైనా తప్పు చేశానా?"

"ఛ, తప్పేముంది." తాళాల కోసం జేబు వెతుక్కున్నాడు. తాళాలు చేతిలోనే ఉన్నాయి. "నువ్వు ఊరికే చూస్తూ ఉంటావు పిల్లా. నాకు పని సాగట్లేదు."

అత్తకి ఆ చివరి మాట వినిపించలేదు. ఇన్నాళ్ళకి మీ మామయ్యకి బుద్ధొచ్చింది, ఆడపిల్ల చేతులు అలా పాడుచేస్తారా అని సంతోషించి, నా అరచేతులు పట్టుకుని చూసింది.

అంతకుముందైతే రోజూ సాయంత్రం ఇంటికి రాగానే మామయ్య నా పక్కన కూర్చుని, ఏ మర ఎందుకు అరిగిందో, రేపు దాన్ని ఏం చెయ్యబోతున్నాడో చెప్పేవాడు. అత్తకి ఆ గొడవ పట్టేది కాదు. ఇప్పుడు ఆ కబుర్లన్నీ ఆమెకే చెబుతున్నాడు. నేను వంటింట్లో ఉన్నప్పుడు, గొంతు తగ్గించి. ఈ ఏడాది మా కారు ఒక్క పందెంలోనూ మధ్యలో ఆగలేదని నాకు అలాగే, గోడకి ఇవతల నిలబడి గిన్నెలు తోముతుంటే తెలిసింది.