పండిందన్నవాడే ముందు

ఢిల్లీలోని ద్వారకలో మూడిళ్లకు వంట చేసే నాగమల్లేశ్వరికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఇరవయ్యేళ్లుగా కాపురం చేస్తున్న సత్యనారాయణకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే సుధీంద్ర ఫోను పెట్టేశాక ఆమె గుసగుసగా "పోయొస్తా మామా" అన్నప్పుడు అతను మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఆ మనిషి మొగం చూడగూడదనుకుంటిమి గదే."

"గుండం పేర్చేవాళ్లు దొరకలేదంట. నన్ను రమ్మంటాండాడు."

"నన్నట్ల చేసినోడికి నువ్వు పేరుస్తావా?"

"పేరుస్తా."

అతను మళ్లీ మంచం మీద వాలాడు. ఈమధ్య అతను మాటలే తగ్గించాడు.

చిత్తూరు వైపు వాళ్ల ఊళ్లో ద్రౌపదమ్మ తిరణాలకు నిప్పుల గుండం పేర్చే హక్కు సత్యనారాయణ ఇంటిదే. కట్టెలు మండి బొగ్గయి, బొగ్గుమీద తెల్లటి బూడిద దుప్పటిలా పరుచుకుంటే గుండం పండిందంటారు. ఆ మాట అన్నవాడే ముందు తొక్కాలి. మాట అనడం తేలిక, కాలు పెట్టడం తేలిక కాదు కాబట్టి పెద్దలు పెట్టిన కట్టుబాటది.

బతుకుతెరువుకు ఢిల్లీ వచ్చి లారీలకు సరుకు ఎత్తుతున్న సత్యనారాయణను తెలుగువాడే అయిన సుధీంద్ర వెతికి పట్టుకున్నాడు. అతనిది గురుగ్రామ్‌లో ఆఫీసు ఉద్యోగులకు ధైర్యం నేర్పే కంపెనీ. సోహ్నా రోడ్డు దాటాక ఒక ఫామ్‌హౌస్‌లో వాళ్లను నిప్పుల మీద నడిపించి, అవతలి చివర మైకు పట్టుకుని నిలబడి, దాటివచ్చిన ప్రతివాణ్ణీ కౌగిలించుకుంటాడు. ఆరేళ్లలో అతను మాత్రం ఒక్కసారీ నడవలేదు. ఈ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కాళ్లు కడగడానికి నీళ్లు అందించే నాగమల్లేశ్వరి పట్టించుకుంది.

పోయిన చలికాలం పొగమంచు ముసురుకుంటోందని సుధీంద్ర తొందరపడ్డాడు. "ఇంకా పచ్చిగా ఉంది సార్" అని సత్యనారాయణ మొత్తుకుంటున్నా వినకుండా మైకులో పండిందని చెప్పేశాడు. ముందు నడిచినది ప్రత్యూష అనే పిల్ల. ఇరవై మూడేళ్లు. పాదాలు కాలి మూడు నెలలు మంచం దిగలేదు. కూలివాడు తాగి వచ్చి నిప్పు పాడుచేశాడని సుధీంద్ర పోలీసులకు రాసిచ్చాడు. గుండం పేర్చే ముందు తొమ్మిది రోజులు ఒక్కపొద్దుండే మనిషిని పోలీసులు ఒక పగలూ ఒక రాత్రీ బెంచీమీద కూర్చోబెట్టారు. ఆ కబురు ఎవరి ఫోనులోనో ఊరికి చేరింది. "తాగి పేర్చిన చెయ్యి మాకొద్దు" అని గుడి పెద్ద అనంతరామయ్య చెప్పి పంపాడు. నాలుగు తరాల హక్కు ఒక్క కాగితంతో పోయింది.

నిజం బయటపడితే చాలనుకునేంత మెత్తటిది కాదు నాగమల్లేశ్వరి. ఆ మైకు పట్టుకున్నవాడి కాళ్లు కాలాలి. అదీ నలుగురి ముందు.

ఎప్పుడూ మామిడి కట్టె వాడేవాళ్లు. అది తొందరగా బూడిద కడుతుంది. ఆమె ఈసారి కీకర్ మొద్దులు తెప్పించింది. మన తుమ్మే. మొండి కట్టె. నిప్పు లోపల దాచుకుని ఎంతసేపటికీ చల్లబడదు. తెచ్చిన వాళ్లకు ఆ తేడా తెలియదు, సుధీంద్రకు అసలే తెలియదు.

ఆ సాయంత్రం నలభైమంది ఉద్యోగులు వచ్చారు. వాళ్లను తీసుకొచ్చిన శ్రుతి అనే మేడమ్ దగ్గరికి పోయి నాగమల్లేశ్వరి తనకొచ్చిన హిందీలో, గుండం పండిందన్నవాడే ముందు నడవాలన్న తమ ఊరి రివాజు చెప్పింది.

"అరే వాహ్ దీదీ, ఎంత బాగుంది!" అని శ్రుతి వెంటనే మైకు తీసుకుని అందరికీ చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. సుధీంద్ర కూడా కొట్టాడు.

పొద్దు గూకింది. బొగ్గులు ఇంకా ఎర్రగా, మధ్యమధ్య నీలిమంట లేస్తూ ఉన్నాయి. సుధీంద్ర ఆమె పక్కకు వచ్చి తెలుగులో అన్నాడు.

"ఏంటి మల్లేశ్వరీ, ఇంకెంతసేపు? ఏడింటికి క్యాబులు వెళ్లిపోతాయి."

"పచ్చిగా ఉంది సార్."

"మీ ఆయనా ఇలాగే నస పెట్టేవాడు. పండిందని చెప్పెయ్, పోతుంది."

"నా కంటికి అట్ల కనబడలే. మీరు చదువుకున్నోళ్లు. మీకు కనబడితే మీరే చెప్పండి."

ఆరేళ్ల అలవాటు. చెయ్యి దానంతటదే మైకు మీదికి పోయింది. "ఫ్రెండ్స్, కోల్స్ ఆర్ రెడీ!"

ముందు సారే నడవాలని నలభై గొంతులు ఒక్కసారి లేచాయి. "సర్ పహలే! సర్ పహలే!" ఫోన్లన్నీ అతనివైపు తిరిగాయి. తనేం అన్నాడో అప్పుడు తెలిసింది సుధీంద్రకు. నవ్వు మొహానికి అతికించుకుని పళ్ల సందునుంచి అన్నాడు.

"నువ్వు ముందు నడువు."

"పండిందని నేననలేదు గదా సార్."

ఆమె గొంతు అతనికి తప్ప ఎవరికీ వినిపించలేదు. చేతిలో పార ఉంది. ఒక్క మాట, ఆగండి అంటే చాలు, బొగ్గులు చదును చేసి ఇంకో ముప్పావుగంట ఆగితే ఎవరికీ ఏమీ కాదు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. అప్పుడే అతను బూట్లు విప్పాడు. తెల్లటి మెత్తటి పాదాలు, మట్టి ఎరగనివి. ఆమె ఆ మాటను మింగేసింది.

ఒక అడుగు వేశాడు. రెండో అడుగు వేశాడు. మూడో అడుగులో నిలబడిపోయాడు. గుండంలో నిలబడకూడదు.

"పచ్చిది! అమ్మా, ఇది పచ్చిది!" అని కేక పెట్టి పక్కకు గడ్డిమీదికి దూకి పడ్డాడు.

ఆమె పక్కనున్న నీళ్ల బకెట్ ఎత్తింది. అందరూ అతని కాళ్ల మీద పోస్తుందనుకున్నారు. నిప్పుల మీద కుమ్మరించింది, ఇంకెవరూ నడవకుండా. నీళ్ల సీసాలు పట్టుకుని శ్రుతే పరుగెత్తింది.

"ఆయనేమన్నారు దీదీ?" అని అడిగింది శ్రుతి, అతని పాదాలు తడుపుతూ.

"నిప్పు పచ్చిదంటున్నాడు. అంటే కాలు పెడితే తెలిసిందన్నమాట. పోయినసారి మా ఆయన అదే చెబితే వినలేదు. పండిందని తనే అన్నాడు, ఒక ఆడపిల్లను ముందు పంపాడు, తాగుబోతని మా ఆయన పేరు రాసిచ్చాడు." ఈసారి ఆమె గొంతు పెంచింది, చివరి ఫోనుకు కూడా వినపడేలా. "ఇది అబద్ధమేమో ఆయన్నే అడగండి."

శ్రుతి అడిగింది. సుధీంద్ర పాదాలు పట్టుకుని మూలుగుతూ "ముందు డాక్టర్‌ను పిలవండి" అన్నాడు. అబద్ధమని మాత్రం అనలేదు.

వీడియో వారం తిరక్కముందే ఊరికి పోయింది. అనంతరామయ్యే ఫోను చేశాడు, తిరణాలకు గుండం పేర్చడానికి రమ్మని. సత్యనారాయణ ఆ వీడియో మూడుసార్లు చూశాడు.

"ఆ నీలిమంట తుమ్మది. ఎవరు తెప్పించినారు?"

"నేనే."

"గుండంతో పగ తీర్చుకుంటారా ఎవురైనా?"

"తీర్చుకుంటి."

అతను ఫోను పక్కన పెట్టాడు. ఆ తర్వాత ఒక్కపొద్దులు మొదలుపెట్టాడు. నువ్వూ రమ్మని అతను పిలవలేదు, వస్తానని ఆమె అనలేదు. పగపట్టి కట్టె పేర్చినవాళ్లు ఆ ఏడు గుండం దాపుకు పోకూడదని ఇద్దరికీ తెలుసు.

నిజాముద్దీన్ స్టేషన్లో రైలు కదలబోతుంటే సత్యనారాయణ కిటికీ ఊచలు పట్టుకుని అడిగాడు.

"మనసులో ఏమన్నా ఉంటే చెప్పు. అమ్మవారికి తప్పొప్పుకుని వస్తా."

"ఉంది మామా. మూడో అడుగుకే దూకేసినాడే అని ఉంది. అదే చెప్పు."