ఘాటు రాని మిరపకాయలు

దెయ్యాలూ గాలీధూళీ అంటే నవ్వేవాళ్ళలో నాది ముందు వరస. చీకటి పడ్డాక ఒంటరిగా పెరట్లోకి వెళ్ళమంటే వెనక వరసలోకి జరుగుతాను గానీ, అది పాముల భయం. ఇప్పుడు చెప్పబోయేది మిట్టమధ్యాహ్నం జరిగింది.

మాది నల్లపాడుకు కాస్త ఎడంగా ఉన్న పల్లె. మిరప వేస్తాం. మా కాయకు ఘాటెక్కువ, నాకు మాటెక్కువ. మొన్నటి కోతల కాలంలో ఆ మాట కాస్తా పడిపోయింది. నా భార్య పద్మ మెడలో గడ్డ కనిపించింది. బ్రాడీపేటలో డాక్టరుగారు సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరో కాదో తేలగానే ఫోన్ చేస్తామన్నారు. నేను నా నంబరే ఇచ్చాను. చెడ్డ కబురైతే ముందు నేను విని, నెమ్మదిగా చెప్పొచ్చని.

"గడ్డ నా మెడలోది కదండీ, మీ నంబరెందుకిచ్చారు?" అంది పద్మ ఆటోలో.

నేను ఫోన్‌లో ఛార్జింగ్ ఎంతుందో చూస్తున్నట్టు నటించాను.

కబురు రావలసిన రోజు పొద్దున్నే కల్లంలోకి వెళ్ళి ఆరబోసిన కాయలు తిరగేశాను. ఇంటికొచ్చాను. కాలు నిలవక మళ్ళీ వెళ్ళి, తిరగేసినవాటినే తిరగేశాను. పనికొచ్చిన నాగమ్మ చూసి చూసి, "వాటిని ఎండనిస్తావా లేదా బాబాయ్? పెనం మీద అట్లనుకున్నావా, ఊరికే తిప్పటానికి?" అంది. జేబులో ఫోన్ మోగకపోయినా మోగినట్టే ఉండేది. చేతులు ఖాళీగా ఉంటే భయమేసేది.

కూతురికి తోడుగా మా అత్తగారు చీరాల నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ గుప్పెడు ఎండుమిరపకాయలు, ఉప్పు కలిపి పద్మ తల చుట్టూ తిప్పి, పెరట్లో నీళ్ళు కాచే పొయ్యిలో వేశారు. దిష్టి తీసిన కాయలు కాలి ఘాటు వస్తే మంచిదట. రాకపోతే దిష్టి గట్టిదట.

కాయలు భగ్గుమని మండాయి. నల్లగా మాడిపోయాయి. ఒక్కరికి కూడా దగ్గు రాలేదు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

నేను ఊరుకునే రకం కాదు కదా. కాయలు చెమ్మగా ఉండి ఉంటాయనుకుని, కల్లంలోంచి గలగలలాడేవి తెచ్చి నేనే వేశాను. ముక్కు పొయ్యి దాకా తీసుకెళ్ళాను. కట్టెల పొగ తప్ప ఏమీ లేదు. ముక్కు దిబ్బడ వేసిందా అంటే, వంటింట్లో కాఫీ వాసన చక్కగా తెలుస్తోంది. పోనీ కాయలో కారం లేదా అని ఒకటి కొరికాను. ఆ తెలివితేటలకు బహుమానంగా చాలాసేపు ఎక్కిళ్ళు వచ్చాయి. పొయ్యిలో చెంబుడు నీళ్ళు కుమ్మరించి వచ్చేశాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. తిన్నామనడం కంటే కెలికామనడం నిజం. నేనూ అత్తగారూ హాల్లో చెరో గోడకు ఆనుకుని కూర్చున్నాం. మా ఇద్దరి మధ్య పద్మ నిలబడి చీరలు మడతపెడుతోంది. అప్పుడు ఫోన్ మోగింది.

"హలో" అన్నాను. అంతే. ఘాటు! గుప్పెడు కాదు, బస్తా కాయలు ఒక్కసారిగా మాడినట్టు. కళ్ళు మూసుకుపోయాయి, ఊపిరాడలేదు. అవతల డాక్టరుగారు ఏదో చెబుతున్నారు, నా దగ్గు నాకే వినిపిస్తోంది. అత్తగారు గోడ పట్టుకుని వంగిపోయారు. పక్కింటి శేషమ్మ పిట్టగోడ మీంచి, దగ్గుతూనే అరిచింది: "ఏందమ్మా, పడుకునే వేళ మిరపకాయలు మాడస్తన్నారా? పసోడు గుక్కపట్టాడు!"

పద్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. గుమ్మం వైపు కూడా జరగలేదు. అక్కడే నిలబడి, "చెప్పండి డాక్టరుగారూ, నేనే పద్మని" అంది. ఒక్క దగ్గు లేదు, కంట్లో చుక్క నీరు లేదు. ఊఁ కొడుతూ అంతా వింది. ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది. నాకు మాట పెగలడం లేదు, అడగలేను. జీవితంలో అంత పొడుగు నిమిషం నేను చూడలేదు.

"క్యాన్సర్ కాదట. మంచి గడ్డేనట" అంది. తర్వాత మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మీకేమైందండీ?" అంది.

పెరట్లోకి పరుగెత్తాను. పొయ్యిలో బూడిద తడిగానే ఉంది. వంటింట్లో స్టవ్ ఆరిపోయి చాలాసేపైంది. శేషమ్మ కూడా తన పొయ్యి చూపించింది, దాని మీద పిల్లి పడుకుని ఉంది.

పద్మకు ఆ రోజు ఏ వాసనా రాలేదట. ఇప్పటికీ అదే మాట. నేను దగ్గింది భయంతోనట. మరి శేషమ్మకేం భయం?

కల్లం వైపు నుంచి గాలి తిరిగి ఉంటుందన్నారు కొందరు. సరే, గాలే అనుకుందాం. నాకూ అత్తగారికీ మధ్య నిలబడ్డ మనిషిని ఆ గాలి ఎలా తప్పించుకుని పోయిందో మాత్రం నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు.