సంపత్ మరిచిపోలేదు

ఒక అబద్ధాన్ని మోస్తూ ముసలివాణ్ణి అవుతున్నాను. నా భార్యకు తెలియదు. పిల్లలకు తెలియదు. మీరు నన్ను ఎరగరు, ఎక్కడా ఎదురుపడరు, అందుకే మీతో చెబుతున్నాను. పేర్లు మార్చాను. జరిగినదాన్ని మార్చలేదు.

తొంభైల నడుమ, మద్రాసును చెన్నై అనడం మొదలైన రోజుల్లో, మేం నలుగురం కలిసి ఒక రాక్ బ్యాండ్ పెట్టుకున్నాం. పాడేది జీవన్. రాయపురం వాడు. ఊరికి ఉత్తరాన మనలి అనే చోట ఒక కెమికల్ ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసేవాడు. చిన్నప్పటి నుంచి చర్చిలో పాడిన గొంతు వాడిది. పాటలన్నీ వాడే రాశాడు. ఎక్కువ ఇంగ్లీషులో, ఒక్కటి మాత్రం మన తెలుగులో, హార్బరులో మూటలు మోసిన వాళ్ళ నాయన మీద. డ్రమ్స్ వాయించేది సంపత్. వాడిదీ రాయపురమే, కానీ చూలైలో వాళ్ళ నాయనకు లేత్ వర్క్‌షాపు ఉండేది. ఆదివారం మిషన్లు ఆగాక అక్కడే మా ప్రాక్టీసు. గిటారు ఒక కాలేజీ కుర్రాడిది. నేను బేస్ గిటారు. జీవన్‌కు షిఫ్టు పడిన ఆదివారాల్లో వాడి బదులు నేను పాడేవాణ్ణి.

ఆ ఆదివారాలే నన్ను చెడగొట్టాయి. మైకు ముందు నిలబడితే ఒళ్ళంతా తేలికయ్యేది. మరుసటి వారం జీవన్ వచ్చి మైకు అందుకుంటే పక్కకు జరిగి బేస్ తగిలించుకునేవాణ్ణి, నవ్వుతూనే. అది అసూయేనా? అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే ఒట్టేసి కాదనేవాణ్ణి.

మా మొదటి ఆల్బం రికార్డు చేయడానికి ఒక చిన్న స్టూడియో ఆయన ఒప్పుకున్నాడు. అక్కడ ఎప్పుడూ భక్తి పాటల క్యాసెట్లే తయారయ్యేవి. పాపం, మా మీద ముచ్చటపడి ఒక్క రోజు ఇస్తానన్నాడు. ఆ రోజు కాస్తా ముందుకు జరిగింది. ఎవరిదో రికార్డింగు ఆగిపోయిందట, వచ్చే బుధవారమే వచ్చేయమని మా ఇంటికి ఫోను చేశాడు. నలుగురిలో ఫోను ఉన్నది మా ఇంట్లోనే. గిటారు కుర్రాడికి చెప్పాను. వర్క్‌షాపు పక్క టీ కొట్టులో సంపత్‌కు చెప్పాను. జీవన్‌కు నేనే వెళ్ళి చెబుతాలే అని వాడితో అన్నాను. ఈ మాట గుర్తుంచుకోండి. నేనే చెబుతానన్నాను.

చెప్పలేదు. మొదటి రోజు బద్ధకం. రెండో రోజు వాన. మధ్యలో వచ్చిన ఆదివారం జీవన్‌కు షిఫ్టు పడి ప్రాక్టీసుకు రాలేదు. ఆ తర్వాత? ఆ తర్వాత రాయపురం బస్సు నా ముందే ఆగితే ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో నన్ను నేను అడగలేదు కూడా. అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుందని నాకు తెలుసు. దాన్ని పథకం అనాలో, జారిపోవడం అనాలో ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను. తేల్చుకున్నా తప్పు ఏమీ తగ్గదు.

బుధవారం ముగ్గురమే స్టూడియోకు చేరాం. జీవన్ కోసం చూశాం. గిటారు కుర్రాడు స్కూటరు మీద రాయపురం పరుగెత్తాడు. వాళ్ళమ్మ మనలికి డ్యూటీకి పోయాడని చెప్పిందట. అక్కడికీ పోయాడు. షిఫ్టులో ఉన్నవాణ్ణి పిలవడం కుదరదని గేటు దగ్గరే తిప్పి పంపేశారు. తిరిగి వచ్చి, వాడికి అసలు ఈ రోజు అని తెలుసా, ఎవరు చెప్పారు, అని అడిగాడు. సంపత్ నా వైపు చూశాడు.

సంపత్‌కు ఫిట్స్ వచ్చేవి. చిన్నప్పటి నుంచీ. వచ్చి తగ్గాక మాత్రల మత్తులో ఒకటి రెండు రోజులు మనిషి మసకగా ఉండేవాడు, విన్న మాటలు కొన్ని మరిచిపోయేవాడు. ఆ టీ కొట్టు మాటలకు ముందు రోజే వాడికి ఫిట్స్ వచ్చాయి. అది నాకు తెలుసు. గిటారు కుర్రాడికీ తెలుసు.

"నీతో చెప్పినా గదరా, జీవన్‌కి చెప్పమని" అన్నాను.

సంపత్ తెల్లబోయాడు. "నాతోనా? నువ్వే పోయి చెప్తానంటివే."

"లేదురా. ఆడ టీ తాగతా చెప్పినా. నువ్వూ వాడూ ఒకే పక్క గదా, నువ్వే చెప్పు అన్నా. సరి అన్నావు."

"నేను సరి అన్నానా?"

"ఆ దినం నువ్వు మాత్ర మత్తులో ఉన్నావు సంపత్తూ."

అంతే. గొంతు కూడా పెంచలేదు, జాలిగా అన్నాను. అదే నన్ను ఎక్కువ కాలుస్తుంది. వాడు రెండు చేతుల్లో కర్రలు పట్టుకుని నేల చూస్తూ, లోపల దేనికోసమో వెతుకుతున్నట్టు నిలబడిపోయాడు. వాడికి నా మాటలు సరిగ్గానే గుర్తున్నాయి. నా కళ్ళ ముందే వాటిని చెరిపేసుకున్నాడు. కాసేపటికి, అయ్యుంటుంది రా, నాదే తప్పు, అన్నాడు.

స్టూడియో ఆయన తొందరపెట్టాడు. నేను పాడాను. నిజం ఒప్పుకోవాలి కదా, బాగా పాడాను.

క్యాసెట్టు వచ్చింది. అట్ట మీద గాయకుడిగా నా పేరు. ఒక చిన్న హాల్లో విడుదల పెట్టుకుంటే జీవన్ డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు. వాళ్ళ నాయన పాటను నా గొంతులో విన్నాడు. వచ్చి నన్ను కావలించుకున్నాడు. సంపత్ వాడి ముందు చేతులు జోడించి ఏడ్చాడు. జీవన్ వాడి భుజం తట్టి, నీ ఒంట్లో ఉన్న జబ్బుకి నువ్వేం చేస్తావు అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నేను ఆ ఇద్దరి పక్కనే ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. చుట్టూ జనం, చప్పట్లు, నా చేతిలో నా పేరున్న క్యాసెట్టు. తెరవలేదు.

ఆ తర్వాతే తెలిసింది నేను ఏం చేశానో. సంపత్ వాయిస్తూ వాయిస్తూ మధ్యలో ఆగిపోయేవాడు. ఈ చరణం అయిపోయిందా అని అడిగేవాడు. అంతకు ముందు ఏ పాటలోనూ ఒక్క దెబ్బ తప్పనివాడు. వర్క్‌షాపులో మిషను ఆపి, వీధి చివరి దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి ఆపానో లేదో చూసుకునేవాడు. చివరికి వాళ్ళ నాయన భయపడి లేత్ మీద చెయ్యి వేయనివ్వలేదు. డ్రమ్స్ అటక ఎక్కాయి. ఫిట్స్ ముదిరాయనుకున్నారు అందరూ. నిజానికి అవి అప్పటికే తగ్గుముఖం పట్టాయి. వాడిని కుంగదీసింది జబ్బు కాదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

నాకు మాత్రం పాట మిగిలింది. ఎక్కడ కచేరీ జరిగినా ఆ తెలుగు పాటే అడిగేవారు. పాడనంటే ఎందుకని అడుగుతారు. పాడితే సంపత్ ముఖం. బ్యాండ్ విడిపోయినా తప్పించుకోలేకపోయాను. ఈ మధ్య ఎవరో పిల్లలు ఆ క్యాసెట్టు సంపాదించి నెట్‌లో పెట్టారట. అన్నా, ఆ గొంతు మీదేనా అని ఫోన్లు. అవునంటాను.

పోయిన ఏడాది ధైర్యం చేసి సంపత్ ఇంటికి వెళ్ళాను. వాడి భార్య కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. ఇప్పటికీ వాడు ఒంటరిగా బస్సు ఎక్కడు, దిగాల్సిన చోటు మరిచిపోతానని. అంతా చెప్పాను. టీ కొట్టు, నేనన్న మాట, రాయపురం బస్సు, స్టూడియోలో అబద్ధం. నువ్వు మరిచిపోలేదు సంపత్, ఏదీ మరిచిపోలేదు అన్నాను. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "నా మీద ఇంత ప్రేమ పెట్టుకున్నావా రా" అన్నాడు. "నా మనసు కుదుటపడాలని నీ మీద ఏసుకుంటున్నావు. నాకు తెలియదా? వద్దు. ఇట్టా జీవన్ కాడ చెప్పబాక. వాడు నిజమనుకుంటాడు. నీ పేరు చెడిపోతాది."

ఎన్ని రకాలుగా చెప్పినా నవ్వి తల ఊపాడు. తన జ్ఞాపకం కంటే నా మాటను నమ్మడం వాడికి నేను నేర్పిందే. ఈ ఒక్క మాటను మాత్రం నమ్మడం లేదు. నేను బయల్దేరేముందు, జీవన్‌కు చెప్పనని నా చేత మాట తీసుకున్నాడు. ఇచ్చేశాను. ఇవ్వడం సులువైంది కాబట్టి ఇచ్చానా? అలాగే అనుకోండి. జీవన్ ఇప్పటికీ పండక్కి కేకు పంపుతాడు.

అందుకే మీ దగ్గరికి వచ్చాను. క్షమించమని అడగడానికి మీరు నాకు ఏమీ కారు. సంపత్‌కు నా మీద ఉన్న ప్రేమ మీకు లేదు కనుక, నేను చెప్పింది కట్టుకథ అనుకోవాల్సిన అవసరం మీకు లేదు. ఆ రోజు టీ కొట్టులో జీవన్‌కు చెబుతానని అన్నది నేను. సంపత్ సరిగ్గానే విన్నాడు. సరిగ్గానే గుర్తుంచుకున్నాడు. ఇప్పుడు ఈ సంగతి నేను కాక మరొకరికి కూడా తెలుసు.