నా కాలు వణికిన పూట

పాత హార్మోనియం మూత తీయగానే ముందు వచ్చేది పాట కాదు, వాసన. ముగ్గిన చెక్క, ఎండిన తోలు, ఇత్తడి చిలుము, ఎప్పుడో ఎవరో పురుగు పట్టకుండా వేసి మరిచిపోయిన కర్పూరం, ఎవరెవరి వేళ్ల చెమటో కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, శాలిబండలో మా బాపు దుకాణం, దాని ముందు మురుగు పారే మోరీ మీద పరిచిన షాబాద్ బండ, ఆ బండ మీద తొక్కుడుబిళ్ల ఆడుతూనే ఒక చెవి లోపలికి పడేసి ఉంచిన పదకొండేళ్ల నేను, అన్నీ వచ్చి ఎదురుగా కూర్చుంటాయి. మొన్న గురువారం ఫలక్‌నుమా నుంచి ఒక కుర్రవాడు తెచ్చిన పెట్టె మూత తీసినప్పుడూ అంతే అయింది. కాకపోతే ఆ పెట్టెను నేను గుర్తుపట్టాను. చేతిలో ఉన్న చాయ్ కింద పెట్టేశాను.

ఈ మధ్య సంగీత కళాశాలల వాళ్లు నన్ను పిలిచి, పిల్లల ముందు కూర్చోబెట్టి, ఈ రంగాన్ని ఎలా ఎంచుకున్నారు మేడమ్ అని అడుగుతున్నారు. గుళ్లకు, చర్చీలకు, ఖవ్వాలీ పాడేవాళ్లకు, రికార్డింగ్ స్టూడియోలకు నలభై ఏళ్లుగా హార్మోనియాలు శ్రుతి చేసి ఇస్తున్న ఆడమనిషి కదా, కల అనో తపన అనో ఏదో చెబుతుందని వాళ్ల ఆశ. ఎంచుకొమ్మని నాకెవరు పళ్లెంలో పెట్టి ఇచ్చారు గనక! నా కాలు వణికింది, ఈ పనిలో పడ్డాను. అక్కడ ఆ మాట చెబితే నవ్వుతారని చెప్పలేదు.

మా దుకాణం ఆరడుగుల వెడల్పు. వానాకాలం చెక్క ఉబ్బి వేళ్లతో నొక్కే మెట్లు ఇరుక్కుపోతే పెట్టెలు గడప దాకా వరస కట్టేవి. బోనాలకు ముందు భజన మండళ్లవి, రంజాన్ వెళ్లాక ఖవ్వాలీ వాళ్లవి, చలి మొదలవగానే చర్చీలవి వచ్చేవి గనక ఊళ్లో ఏ పండగైనా మాకు నెల ముందే వచ్చేది. బోనాల నాడు అమ్మ వండే బెల్లం అన్నం, ఈద్ నాడు పక్కింటి నుంచి కుట్టుపని చేసిన గుడ్డ కప్పుకుని వచ్చే షీర్ ఖుర్మా పాయసం, క్రిస్మస్‌కు పాస్టరమ్మ పంపే కేకు, మూడింటినీ బాపు ఇత్తడి పొడి అంటిన వేళ్లతోనే తినేవాడు. అమ్మ మాదన్నపేట మండి నుంచి కూరగాయల సంచీ మోసుకొచ్చి దింపుతూ, ఆ చేతులు కడుక్కోవయ్యా అని అరిచేది. ఆయనకు వినబడేది కాదు.

అది వేళాకోళం కాదు. చిన్నప్పుడు చీము కారి బాపు కుడిచెవి పోయిందని గల్లీ అందరికీ తెలుసు. ఎడమది కూడా పోయిందని అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టేసేవాడు. తెలిస్తే ఇంకేముంది, శ్రుతి చేసేవాడికి చెవి లేదంటే పెట్టె తెచ్చేవాడెవడు? గల్లీ చివర ఇంకొక హార్మోనియం దుకాణం ఉండేది. ఒక పెట్టె సరిగ్గా పలకలేదని రహీం ఉస్తాద్ నలుగురిలో ఒక్క మాటన్నాడు, మరుసటి వానాకాలానికి అక్కడ గాజుల కొట్టు వెలిసింది. ఖవ్వాలీలో ఆయన మాటంటే మాటే. ఆ గాజుల కొట్టు వచ్చినప్పుడల్లా నేను తల తిప్పుకుని గబగబా దాటేసేదాన్ని.

హార్మోనియంలో ఒక్కో మెట్టు కింద రెండేసి ఇత్తడి నాలుకలుంటాయి, రీడ్లంటారు. రెండూ ఒకే గొంతుతో పలకాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా స్వరం నిలవక ఊగుతుంది. దాన్ని మా దుకాణంలో అల అనేవాళ్లం. నాలుక కొస గీకితే స్వరం పైకెక్కుతుంది, మొదలు గీకితే కిందికి దిగుతుంది, గీకిన ఇత్తడి మాత్రం తిరిగి రాదు. ఒక రోజు నేను ఆడుకుంటూ బయటి నుంచే, బాపూ అల ఉంది అని సైగ చేశాను. ఆయన ఆకురాయి ఆపి నా వైపు తిరిగాడు. మర్నాటి నుంచి బడి వదలగానే నా చోటు ఆయన వెనక ముక్కాలిపీట. బల్ల మీంచి వేలాడే గుడ్డ కింద నా పాదం ఆయన పాదం మీద ఉండేది. నేను తడుతుంటే గీకాలి, తట్టడం మానితే ఆపాలి. తండ్రి కాలు తొక్కడం పాపమని అమ్మకు ఒకటే బెంగ. పని ముగిశాక ఆయన పాదం ముట్టి కళ్లకద్దుకుంటే గాని నాకు అన్నం పెట్టేది కాదు.

నేను బడిలో ఉన్నప్పుడు కూడా కొన్ని పెట్టెల పని జరిగిపోయేది. ఎట్లా అని నేను అడగలేదు. ఒకసారి మాత్రం నాలుకలు బిగించే పలక అంచున గంట్లు చూసి ఇవేంది అన్నాను. ఎలుకలు బిడ్డా, అన్నాడు బాపు. తోలునే కొరికే ఎలుకలు చెక్కను వదులుతాయా అని నమ్మేశాను.

ఆ ఎండాకాలం దర్గాలో ఉర్సు ఉత్సవానికి పాడటానికి రహీం ఉస్తాద్ తన పెట్టెను మాకిచ్చాడు. పొద్దున బడికి వెళ్లి మధ్యాహ్నం నేను వచ్చేసరికి దాదాపు పని అంతా అయింది. సాయంత్రం అస్రు నమాజు తరవాత వస్తానన్న మనిషి, ఎండ నడినెత్తిన ఉండగానే గడపలో నిలబడ్డాడు. వచ్చి బల్లకు ఎదురుగా కూర్చుని, పని కానీ మియా, అని బాపు చేతుల వైపే చూస్తున్నాడు.

మిగిలింది పంచమం. నేను తట్టాను, బాపు గీకాడు. అల గబగబా ఊగేది కాస్తా నెమ్మదించింది. ఇంకోసారి తట్టాను. అల సాగింది, ఇంకా సాగింది, పోయింది. ఇక ఆపాలి. సరిగ్గా అప్పుడు ఉస్తాద్ కళ్లు బాపును వదిలి నా మీదికి వచ్చాయి, నా కాలు వణకడం మొదలైంది. ఆ వణుకును బాపు తట్టడమనుకున్నాడు. గీకాడు. స్వరం రెండో నాలుక స్వరాన్ని దాటి పైకి పోయింది. నా వణుకు ఎక్కువైంది, ఆయన ఇంకా గీకాడు. కాలు తీసేస్తే సరిపోయేది. ఆ బుద్ధి పుట్టలేదు నాకు.

"బస్, చాలు," అన్నాడు ఉస్తాద్. బాపు గీకుతూనే ఉన్నాడు. మళ్లీ అన్నాడు. ఆకురాయి ఆగలేదు. అప్పుడు ఉస్తాద్ అరచేత్తో బల్ల మీద కొట్టాడు. బాపు తలెత్తాడు.

"సునాయీ నహీఁ దేతా క్యా?" వినబడటం లేదా అని అడిగాడు, నెమ్మదిగా, పెదవులు కనబడేటట్టు.

బాపు ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడనుకున్నాను. మాటలతో మాయ చేయడంలో ఆయన దిట్ట. గాజుల కొట్టు నా కళ్ల ముందు తిరిగింది. ఆయన ఆకురాయి కింద పెట్టి, బల్ల మీది గుడ్డ పైకెత్తి, ఇంకా వణుకుతున్న నా కాలిని చూపించాడు.

"ఇనవడదు ఉస్తాద్. రెండేండ్లాయె. గీకేది నేను, ఇనేది నా బిడ్డ."

"గట్లయితే ఎనకెందుకు కూసోవెట్టినవ్?" అన్నాడు ఉస్తాద్. "ముందుకు రమ్మను."

బాపు నా చేతిలో ఆకురాయి పెట్టి, లేచిపోయి, గడపలో వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. అంతవరకు పనికిరాని నాలుకల మీద తప్ప నేను ఆకురాయి పెట్టి ఎరుగను. పైకి పోయిన స్వరాన్ని దించాలంటే మొదలు గీకాలి. ఒక్క గీత ఎక్కువైతే నాలుక ఉర్సులో పాట మధ్యలో విరుగుతుంది. ఒక కాలిని రెండో కాలితో తొక్కిపట్టి కూర్చున్నాను. ఒక గీత గీసి విన్నాను. ఇంకొక గీత. అల నిదానించింది. మూడోది గీత కూడా కాదు, ఊరికే అలా తాకించాను. రెండు నాలుకలూ ఒక్కటిగా పలికాయి.

ఉస్తాద్ పలక బిగించి, ఆ మెట్టు నొక్కి, గొంతు కలిపాడు. ఈ మెట్టు గొంతు పలచబడింది, అన్నాడు. అయినా శ్రుతిలోనే ఉంది, అన్నాడు. పెట్టె చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. మెచ్చుకోలేదు, నలుగురిలో చెడ్డమాటా అనలేదు. కొన్నాళ్లకు కూతురి ఊరికి తరలిపోయాడట, ఆ పెట్టె మళ్లీ మా దుకాణానికి రాలేదు.

చెవిటోని దుకాణమని మాకు పేరొచ్చింది. కొందరు రావడం మానేశారు, కొందరు ఆడపిల్ల శ్రుతి చేస్తుందట చూద్దామని వచ్చారు. బండ మీద నేను గీసిన తొక్కుడుబిళ్ల గళ్లు వానకు కొట్టుకుపోయాక మళ్లీ గీయలేదు. నాకు బాపు మీద ఏళ్ల తరబడి కోపం ఉండేది. నన్నడిగినవా బాపూ అని ఒకసారి గట్టిగానే అన్నాను. ఆయనకు వినబడలేదో, విననట్టున్నాడో!

ఇప్పుడు ఆ దుకాణంలో మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. షాబాద్ బండ లేదు, మోరీ మీద సిమెంటు పోశారు, గాజుల కొట్టు కూడా పోయింది. బాపు పోయి పద్దెనిమిదేళ్లు. మొన్న పెట్టె తెచ్చినవాడు ఉస్తాద్ మనవడు, ఈ మధ్యే ఈ ఊరికి తిరిగొచ్చాడట. ఫోన్‌లో ఏదో యాప్ పెట్టి చూపించి, అన్నీ సరిగ్గానే ఉన్నాయి ఆంటీ, ఈ పంచమం గొంతు ఒక్కటే సన్నంగ ఉంది, రీడు మార్చండి, అని చెప్పి వెళ్లాడు.

పలక ఊడదీశాను. అంచున అప్పుడు చూసినలాంటి గంట్లే. చిన్నప్పుడు ఒకసారి నమ్మినదాన్ని మనం మళ్లీ తిరగేసి చూడం. ఈసారి కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. పైన ఒక వరస, కింద ఒక వరస. ఎలుక అట్లా కొరకదు, మనిషి కొరుకుతాడు.

పలకను నాలుకలకు తిత్తితో గాలి కొట్టే బల్ల మీద బిగించి, చెవుల్లో దూది కుక్కుకుని, ఆ గంట్లలో నా పళ్లు ఆనించి గాలి కొట్టాను. స్వరం దవడల్లోంచి తలలోకి నిండుగా వచ్చింది. వేరే మెట్టు నాలుకను గోటితో కొంచెం ఒత్తి చూశాను, అల కూడా వచ్చింది, స్పష్టంగా.

అంటే బాపుకు ఆ దారి ఉంది. నేను బడిలో ఉన్నప్పుడు ఆయన విన్నది ఇట్లా. నా కాలు లేకపోయినా ఆ దుకాణం నడిచేది. మరి రోజూ నన్ను వెనక ఎందుకు కూర్చోబెట్టుకున్నాడో, ఉస్తాద్ ముందు పళ్ల మాట దాచి బిడ్డ మాట ఎందుకు చెప్పాడో ఇప్పుడు నాకు తెలుసు, ఆ పనీ ఆ పేరూ నా చేతికి రావాలని. నన్నడిగినవా అని నేను అరిచిన అరుపు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

రీడు మార్చలేదు. అది అట్లనే ఉండాలె బాబూ, నేను బతికినన్నాళ్లు దాని పూచీ నాది, అని ఫోన్లో మనవడికి చెప్పాను. తరవాత పలకను పెట్టెలో బిగించే ముందు, అమ్మ ఎదురుగా నిలబడి చూస్తున్నట్టే, ఆ గంట్లను ముట్టుకుని కళ్లకద్దుకున్నాను.